భారజలం, అక్క పెరుగు

విజ్ఞానశాస్త్రాన్ని పదేళ్ళు వెనక్కి నెట్టినవాణ్ణి నేను. సరే, ఈ వయసులో అబద్ధమెందుకు, మూడు రోజులు. ఆ మూడు రోజుల అలసట మాత్రం ఇప్పటికీ మోకాళ్ళలోనే కాపురముంది.

డెబ్బైల చివర్లో తిరుత్తణిలో అక్క ఇంట్లో ఉంటూ, రోజూ రైల్లో మద్రాసు వెళ్ళి పరిశోధన చేసేవాణ్ణి. ఇస్త్రీ చొక్కాతో ఎక్కి, పిండిన గుడ్డలా దిగేవాణ్ణి. ఉలవల్లోంచి తీసిన ఎంజైము యూరియాను ఎలా విరగ్గొడుతుందో చూడటం నా పని. మామూలు నీళ్ళలో ఒకసారి, భారజలంలో ఒకసారి. భారజలంలో ఉండేది హైడ్రోజన్‌కే రెట్టింపు బరువున్న ఐసోటోపు. మూట బరువెక్కితే కూలీ నెమ్మదించినట్టు, హైడ్రోజన్‌ను మోసే మెట్టే కష్టమైనదైతే ఎంజైమూ నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదించిందో చూసి దాని గుట్టు లాగొచ్చు.

ఆ శుక్రవారం ఏకంగా ఎనిమిది రెట్లు నెమ్మదించింది! సోమవారం కమిటీ. మెచ్చితే ఇంకో ఏడాది స్కాలర్‌షిప్, లేదంటే బావ ఎరువుల కొట్లో అదే యూరియా మూటలు మొయ్యాలి.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు ఐసోటోపు. రైలుపెట్టె అంతా చాటేశాను.

"అన్నా, అయితే పెద్ద బహుమానమే వస్తాదా?" అన్నాడు తిరువళ్ళూరులో దిగే ఫిట్టరు మునెయ్య.

"ఇచ్చేవాళ్ళు ఆ పనిలోనే ఉండారు మునెయ్యా."

"ఒరే, సీటియ్యండప్పా! ఇంత పెద్దమనిషి నిలబడుండాడు!"

మూడేళ్ళలో మొదటిసారి కూర్చుని ఇల్లు చేరాను.

ఆదివారం పొద్దున వంటింట్లో గొడవ. కొత్త ఫ్రిజ్జు కొన్న సంబరంలో బావ, రాత్రి అక్క తోడేసిన రెండు పాలగిన్నెల్లో ఒకదాన్ని తీసుకెళ్ళి అందులో పెట్టేశాడు.

"తెల్లారినా పాలు పాలుగానే ఉండాయి! సల్లంగా ఉంటే తోడెట్లా పడతాది?"

"పాలు మంచివి కావేమో," అన్నాడు బావ.

"అవే పాలు బయటి గిన్నెలో గెడ్డగా తోడుకునుండాయి, సూడు!"

నా చేతిలో ఇడ్లీ ఆగిపోయింది.

"ఏందిరా, మొగం అట్లయిపోయింది?"

"అక్కా, భారజలం ఖరీదైనదని ఆ గొట్టాన్ని ఐసులో పెట్టినాను."

"ఇంకోటి యాడ పెట్టినావు?"

"బల్ల మీద."

"ఈ మే నెల ఎండలోనా? ఓరి నా తమ్ముడా! బరువూ లేదు, గిరువూ లేదు. అది సలికి ముడుక్కునింది!"

సోమవారం మొదటి రైలెక్కాను. మిగిలిన నాలుగు చుక్కల భారజలంతో, రెండు గొట్టాలనూ ఒకే గోరువెచ్చని తొట్టిలో నిలబెట్టాను. ఎనిమిది కాస్తా ఒకటిన్నర అయింది. కమిటీ ముందు అంతా ఒప్పుకున్నాను.

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. "ఈ తప్పు పట్టిందెవరు?"

బావ కొట్లో యూరియా మూటలు గుర్తొచ్చాయి. "నేనేనండీ."

"తన తప్పు తానే పట్టుకుని చెప్పే కుర్రాడు! ఇలాంటి నిజాయితీ ఎక్కడుంది? ఇంకో ఏడాది ఇవ్వండి!"

అబద్ధమాడి నిజాయితీ బహుమతి కొట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. అందుకే తిరుత్తణి కొండమెట్ల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఇంకొకరి తెలివిని ఇకమీదట నాదని చెప్పుకోను.

ఈ ఒట్టు కూడా నా ఆలోచన కాదు. నిన్న అక్క వేయించింది.