ఎడమకాలికి పనిలేని బండి

స్వర్ణలత కారు మొదటిసారి మొరాయించింది మెట్టుగూడ దగ్గర, ఎత్తు ఎక్కుతుండగా. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరిచింది గాని బండి ముందుకు పోలేదు. వెనక సిటీ బస్సు డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపుతో గేరు పడి, చివరికి కదిలింది. రెజిమెంటల్ బజార్‌లో తన మ్యాచింగ్ సెంటర్ తెరిచాక కూడా ధ్యాసంతా బండి మీదే. మొదటి బేరానికి వచ్చినామెకు మెరూన్ బదులు వంకాయరంగు జాకెట్ ముక్క కోసి ఇచ్చింది. అంతకుముందెన్నడూ రంగుల విషయంలో ఆమె పొరబడటం ఆ బజార్‌లో ఎవరూ చూడలేదు.

చిన్నతనంలో పోలియో వచ్చి స్వర్ణలత ఎడమకాలు సన్నబడిపోయింది. మోకాలి కింద పట్టు లేదు. బడికి నాన్న సైకిల్, కాలేజీకి అన్న లూనా, పెళ్లయ్యాక భర్త పురుషోత్తం స్కూటర్. ఎక్కడికి పోవాలన్నా ఎవరో ఒకరి వీలు చూసుకోవాల్సిందే. క్లచ్ పెడల్ లేని కారైతే కుడికాలు ఒక్కటే చాలని నలభై దాటాక తెలిసింది. ఇంట్లో వద్దన్నా నేర్చుకుంది. పాతదే అయినా ఒక ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. లైసెన్సు చేతికొచ్చాక ఎవరికీ చెప్పకుండా మల్కాజ్‌గిరి నుంచి సైనిక్‌పురి దాకా ఒక్కతే పోయింది. అక్కడ ఆమెకు ఏ పనీ లేదు. ఒక టీ తాగి తిరిగొచ్చింది.

ఆ బండే ఇప్పుడు ఇలా చేస్తోంది.

పెద్ద వర్క్‌షాపులో ఒకతను కంప్యూటర్ తగిలించి చూసి, "గేర్‌బాక్స్ మొత్తం మార్చాల్సిందే మేడమ్, రిపేర్ మేం చెయ్యం" అన్నాడు. కొత్త గేర్‌బాక్స్ ధర విని పురుషోత్తం కుర్చీలోంచి లేచిపోయాడు.

"అమ్మేద్దాం స్వర్ణా. క్యాబులున్నయి, ఆటోలున్నయి. ఎందుకింత పరేషాన్?" అన్నాడు ఇంటికొచ్చాక.

"క్యాబోడు గల్లీలకు రాడు, మెయిన్ రోడ్డు మీదికి రమ్మంటడు. మీకెర్కనే గదా."

"గట్లయితే నేను దింపుత. ఎప్పటి లెక్కనే."

"నాకెప్పుడు పోబుద్ధయితే అప్పుడు దింపుతరా?"

పురుషోత్తానిది రైల్వే ఆఫీసులో ఉద్యోగం. అతని వేళలు అతనివి.

పాత విడిభాగాలమ్మే దుర్గేష్ ఇంకో దారి చెప్పాడు. "అక్కా, యాక్సిడెంటైన బండిదొకటుంది. ముందర నుజ్జునుజ్జయింది గాని గేర్‌బాక్స్ కడక్ ఉన్నది. రెండు రోజుల్ల ఎక్కిస్త."

"ఎంత తిరిగిన బండి?"

"గదొక్కటి అడగకక్కా."

స్వర్ణలత వాళ్ల కాలనీ దాటాక రేకుల షెడ్డులో ఆటోమేటిక్ బండ్లు బాగుచేసే సామ్యూల్ మాత్రం ఎటూ తేల్చలేదు. "విప్పితేనే తెలుస్తదమ్మా. విప్పినంక బాగైతదని ఇప్పుడే మాటియ్యలేను" అన్నాడు. ఆ జవాబు స్వర్ణలతకు అస్సలు నచ్చలేదు. అవుననో కాదనో చెప్పే మనిషి కావాలామెకు.

ఏదీ తేల్చుకోలేక అదే బండి నడుపుతూ పోయింది. సిగ్నల్ పడ్డప్పుడల్లా మళ్లీ కదులుతుందో లేదో అనుకునేది. గేరు మారే చోటల్లా చప్పుడుకు చెవి ఒగ్గేది. ఇంట్లో అన్నం తింటూ కూడా బల్ల కింద కుడిపాదం కదిలిస్తూనే ఉండేది. పొద్దున మార్చేద్దామనుకునేది, మధ్యాహ్నానికి బాగుచేయిద్దామనుకునేది, సాయంత్రం ఇంటికొస్తూ అమ్మి పారేస్తే పీడ పోతుందనుకునేది. కల్పలత అని షాపులో పనిచేసే ఆమె, "అక్కా, ఒకటే లేసు మూడుసార్లు కొలుస్తున్నవ్" అని చేతిలోంచి టేపు లాక్కుంది.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ కూరగాయలకని మోండా మార్కెట్‌కు వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు సందులో ఎదురుగా ఉల్లిగడ్డల ట్రాలీ వచ్చింది. స్వర్ణలత రివర్స్ వేసింది. బండి కదల్లేదు. మళ్లీ వేసింది. ఇంజన్ ఊగింది, చక్రం తిరగలేదు. నిమిషంలో ఇరువైపులా బండ్లు నిండాయి. ట్రాలీ వాడు దిగి కిటికీలోకి తొంగి చూశాడు. సీటు పక్కనున్న చేతికర్ర, ఆమె కాలు కనబడ్డాయి.

"కాలు సక్కగ లేనోళ్లకు కార్లెందుకు?" అన్నాడు, అందరికీ వినబడేలా.

స్వర్ణలత చెవులు వేడెక్కాయి. చేతికర్ర అందుకుని దిగబోయింది. ఈలోగా పురుషోత్తం తలుపు తీసుకుని దిగాడు. కాలనీలో ఎవరితోనూ గొడవ పడని మనిషి.

"బండి కరాబైంది బయ్. ఆమె కాదు," అన్నాడు. "నడుపుడు ఆమెకు నీకన్న మంచిగొస్తది. జెర చెయ్యెయ్, మాట్లాడింది సాలు."

ఆమె న్యూట్రల్‌లో పెట్టింది. పురుషోత్తం, ఇద్దరు హమాలీలు, ఆఖరికి ఆ ట్రాలీవాడు కూడా కలిసి కారును వెనక్కి తోశారు. ముందుకు పోయే గేరు పనిచేసింది కాబట్టి ఎలాగో ఇల్లు చేరారు. పురుషోత్తం చొక్కా వీపంతా తడిసిపోయింది.

"గా అమ్ముడు ముచ్చట ఇడిసిపెట్టు," అన్నాడు కూరగాయల సంచి దించుతూ. "ఏం చేద్దామో నువ్వే చెప్పు."

మర్నాడు స్వర్ణలత షాపు కల్పలతకు అప్పజెప్పి, సామ్యూల్ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుంది. ఏం తేలినా తన కళ్లముందే తేలాలి. సామ్యూల్ నూనె దించాడు. నల్లగా, మాడిన వాసనతో వచ్చింది. మధ్యాహ్నం దాటాక గేర్‌బాక్స్ లోపలుండే క్లచ్ ప్లేట్లు ఒక్కొక్కటే తీసి గోనెపట్టా మీద పరిచాడు. అడుగంటిన అట్ల పెనంలా ఉన్నాయి.

"ఇవి మాడినయ్. గేర్లు మాత్రం సాఫ్ ఉన్నయి, అరగలేదు. ప్లేట్లు, సీళ్లు మారిస్తే నడుస్తది. కొత్తదాని లెక్క ఉంటదని చెప్పలేను."

"ఇంకోటి తెచ్చి ఎక్కిస్తే?"

"దాన్ని సుత విప్పి చూస్తేనే చెప్పాలె."

ఆమె ఆ ప్లేట్ల వైపు చూసింది. ఇది ఎక్కడెక్కడ తిరిగిందో, ఎన్ని ఎండల్లో ట్రాఫిక్‌లో నిలబడిందో తనకు తెలుసు. తెలియని బండి లోపలిది తెచ్చిపెట్టుకుంటే ఈ చెవి ఒగ్గి వినడం జన్మలో ఆగదు. "బాగుచెయ్ అన్నా," అంది.

సామాను ఢిల్లీ నుంచి రావాలి. వస్తుందన్న వారం రాలేదు. మళ్లీ స్కూటర్ వెనక సీటు, భర్త భుజం మీద చెయ్యి, ఆయన ఆఫీసు వదిలేదాకా షాపు మెట్ల మీద ఎదురుచూపు. తప్పు చేశానేమోనని రోజూ సామ్యూల్‌కు ఫోన్. ఒకరోజు అతను ఎత్తడం మానేశాడు. ఆటో మాట్లాడుకుని షెడ్డుకే పోయింది. "వచ్చినయమ్మా, చేతులకు నూనె ఉండి ఎత్తలేదు" అని నవ్వాడతను.

బండి తిరిగొచ్చింది. గేర్లు మెత్తగా మారుతున్నాయి. చల్లటి పొద్దున రివర్స్ వేస్తే మాత్రం ఒక్క క్షణం ఆలోచించుకుని కదులుతుంది. "గదంతే ఉంటది" అన్నాడు సామ్యూల్. పురుషోత్తానికి అది తెలియనే తెలియదు. ఆమెకు ప్రతిసారీ తెలుస్తుంది.

వాన వెలిసిన ఒక శనివారం ఇద్దరూ యాదగిరిగుట్టకు బయల్దేరారు. ఘట్‌కేసర్ దాటకముందే పురుషోత్తం సీటు వెనక్కి వాల్చి గురకపెట్టి నిద్రపోయాడు. స్వర్ణలత అద్దాలెక్కించి, ఏసీ శబ్దం తగ్గించి, గేరు మారే చప్పుడు వింటూ నడుపుతూనే ఉంది.