రెండంగుళాల మడత

పిల్లలకు ఎత్తును బట్టి ధర కట్టే చోటికి ఈ జన్మలో మళ్ళీ వెళ్ళను. అక్కడ వయసు అడగరు, ఏ తరగతి చదువుతున్నావని అడగరు. బోర్డుకు ఆనించి నిలబెడతారు. తల గీతకు తగిలితే పెద్దవాళ్ళ టికెట్, తగలకపోతే పిల్లల టికెట్. సంతలో గొర్రెను కొనేవాడు కూడా నోరు తెరిపించి పళ్ళు చూసి వయసు కడతాడు. ఇక్కడ ఆ మాత్రం శ్రద్ధ కూడా లేదు. మా రాఘవేందర్‌కు జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాఘవేందర్ లాలాగూడలో టైలరు. రైల్వే క్వార్టర్ల దగ్గర చిన్న గది, అందులో రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. మా ఆయన వర్క్‌షాపు ఉద్యోగానికని గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన పోయాక ఊరికే కూర్చోలేక నేను రాఘవేందర్ దగ్గర కాజాలు కుట్టే పని పట్టుకున్నాను. పద్నాలుగేళ్ళయింది. వయసులో చిన్నవాడైనా పనిలో నాకు గురువు. నా కాజా వంకరగా వస్తే మాట్లాడకుండా విప్పేసి మళ్ళీ నా ముందు పెడతాడు. అందుకు నాకు కోపం వస్తుంది, కానీ మళ్ళీ కుడతాను.

అతను పని నేర్చుకున్నది మోండా మార్కెట్ వెనక సందులో ఒక ఉస్తాద్ దగ్గర. అక్కడి నుంచి తెచ్చుకున్నవి రెండు. ఒకటి, మెడలో టేపు. స్నానానికి తప్ప తీయడు. పెళ్ళిళ్ళకు వచ్చినా మెడలో అదే ఉంటుంది. "నా మెడల తాళి, ఆయన మెడల టేపు. రెండూ తీసేటియి కావక్కా" అని వాళ్ళావిడ అనుపమ ఎగతాళి చేస్తుంది. రెండోది, మడత. బడి పిల్లల బట్టలు ఏవి కుట్టినా, లాగు అయినా గౌను అయినా, అంచు లోపల రెండంగుళాల బట్ట మడిచి వదులుతాడు. మరుసటి ఏడాది పిల్ల పెరిగితే ఆ మడత విప్పితే చాలు, కొత్త జత కొననక్కర్లేదు.

"పిల్లలు బడి ఉన్నప్పుడు ఎక్కువ పెరగరక్కా. సెలవుల్లనే పెరుగుతరు" అనేవాడు. "ఏప్రిల్ల కొలత తీస్కొని జూన్ల తొడిగితే పొట్టిగ కనబడతది. జెర ఎక్కువ పెట్టాలె."

ఆ వీధిలోని తల్లులు అతన్ని దేవుడిలా చూసేవాళ్ళు. వాళ్ళ పిల్లలు చదివే ప్రైవేటు బడి వాళ్ళు మాత్రం చూడలేదు. ఒక్క జత రెండేళ్ళు వస్తే వాళ్ళకేం లాభం?

టైలరుకు ఎండాకాలం అంటే పని కాలం. ఏప్రిల్ మొదలు జూన్ రెండో వారం దాకా తల ఎత్తడానికి ఉండదు. అందరి పిల్లలూ సెలవులకు వెళ్ళేది అప్పుడే, రాఘవేందర్ మిషన్ ఆగనిదీ అప్పుడే. అతని కూతురు యోగిత ఒక్కతే సంతానం. ఒకటో తరగతిలో ఉండగా పక్కింటివాళ్ళు ఊరి బయట నీళ్ళ ఆటలూ తిరిగే బండ్లూ ఉండే పార్కుకు వెళ్ళొచ్చి ఫోటోలు చూపించారు. పట్టాల మీద తలకిందులుగా తిరిగే బండి, ఒక్కో పెట్టెలో ఇద్దరిద్దరు కూర్చుని అరుస్తున్నారు. యోగిత దానికి తలకిందుల రైలు అని పేరు పెట్టుకుంది. "ఇద్దరం ఎక్కుదాం బిడ్డా, వచ్చే ఎండాకాలం" అన్నాడు తండ్రి. ఆ వచ్చే ఎండాకాలం ఆరేళ్ళయినా రాలేదు. ఆ పిల్ల అలగలేదు, అడగడమూ మానలేదు.

ఈ ఏడాది వచ్చింది. ఎందుకొచ్చిందో చెబుతాను, వినండి. మార్చిలో బడివాళ్ళు నోటీసు పంపారు. ఇక మీదట యూనిఫాం బయట కుట్టించకూడదట, ఏదో కంపెనీ కుట్టిన రెడీమేడ్ జతలు బడిలోనే కొనాలట. ఇరవై ఏళ్ళుగా ఆ బడి పిల్లలందరి భుజాలూ నడుములూ తెలిసినవాడికి ఒక్క మాట ముందుగా చెప్పలేదు. కూతురి పుస్తకాల సంచిలో వచ్చిన కాగితం చదివి తెలుసుకున్నాడు. యోగితకూ ఆ కంపెనీ జతే కొనాల్సి వచ్చింది. నేను దాన్ని తిరగేసి చూశాను. అంచులో మడత అరంగుళం కూడా లేదు. కాజాలు మిషన్ కాజాలు, దారాలు అప్పుడే లేస్తున్నాయి. నా కూలీ కూడా పోయిందని చెప్పడం లేదు, పోయిన మాట నిజమే అయినా.

నేను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాను. రాఘవేందర్ మాత్రం రెండు రోజులు మిషన్లకు నూనె వేస్తూ కూర్చుని, మూడో రోజు అన్నాడు, "సరే అక్కా. ఈసారి పార్కుకు పోదాం. ఇగ ఖాళీనే గద."

ఇక ప్రయాణం ఏర్పాట్లు షురూ. చేతిలో డబ్బు తక్కువ, తీరిక ఎక్కువ. కాబట్టి తీరికంతా డబ్బు మిగల్చడానికే వాడాడు. ఆదివారం వద్దు, మంగళవారమైతే తక్కువ. ఆరు వారాల ముందు కొంటే ఇంకా తక్కువ. నలుగురు కలిసి కొంటే ఇంకొంచెం తగ్గింపు. నాలుగో మనిషి కోసం నన్ను పట్టుకున్నారు. అరవై దాటినవాళ్ళకు వేరే ధర ఉందట, ఆధార్ చూపిస్తే చాలట. ఈ మోకాళ్ళతో ఆ నీళ్ళ గుంటల్లో నాకేం పనయ్యా అన్నాను. "నువ్వు లెక్కకు రా అక్కా, చాలు" అన్నాడు.

మిగిలింది యోగిత టికెట్. నూట నలభై సెంటీమీటర్ల లోపు ఉంటే పిల్లల ధర. మన టేపులో యాభై అయిదు అంగుళాలు, ఆ పైన ఒక సన్న గీత. ఏప్రిల్ మొదటి వారంలో పిల్లను దుకాణం గోడకు నిలబెట్టి, చెప్పులు విప్పించి, జడ పక్కకు తీసి కొలిచాడు. యాభై అయిదుకు పావు తక్కువ. "బచాయించినం, పైసలు మిగిలినయ్" అని నవ్వి, ఫోన్‌లో అప్పటికప్పుడే టికెట్లు కొన్నాడు. మే నెల మూడో మంగళవారానికి.

ఆ రోజు పొద్దున్నే రెండు బస్సులు మారి, రింగు రోడ్డు దాటి పార్కు గేటు చేరాం. అనుపమ పెద్ద క్యారియర్ నిండా పులిహోర, పెరుగన్నం తెచ్చింది. రాఘవేందర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, మెడలో టేపు మామూలే. బస్సులో నేను చెప్పేదాకా అతనికి తెలియనే తెలియదు. యోగిత సిగ్గుతో చచ్చిపోయింది. "తీసెయ్యి నాన్నా" అంటే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర మొదటి దెబ్బ క్యారియర్‌కు. బయటి తిండి లోపలికి పోదట. లోపల ప్లేటు ఇడ్లీ ధర రాసిన బోర్డు అక్కడి నుంచే కనబడుతోంది. ఆ ధరకు మా వీధిలో ఇంటిల్లిపాదీ తింటారు. ఇంట్లో వండుకున్న అన్నం పట్టుకుపోవడం తప్పెలా అయిందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. క్యారియర్ సంగతి తేలకముందే రెండో దెబ్బ తగిలింది. బోర్డు దగ్గర నిలబడిన యోగిత తల గీతను దాటింది.

"అడల్ట్ టికెట్ తీసుకోవాలె" అన్నాడు యూనిఫాం వేసుకున్న గేటు మనిషి.

"గలత్ ఉన్నది మీ బోర్డు" అన్నాడు రాఘవేందర్. "నేను కొలిచిన. యాభై అయిదుకు పావు తక్కువ."

"అందరు గట్లనే అంటరు సార్. చిన్న టికెట్ల పెద్ద పిల్లలను తెస్తరు."

రాఘవేందర్ ముఖం ఎర్రబడింది. నేను పద్నాలుగేళ్ళలో అతన్ని అంత కోపంగా చూడలేదు. "నేను టైలర్‌ని. ఇరవై ఏండ్ల సంది పిల్లల కొలతలే తీస్తున్న. ఒక్కసారి సుత తప్పు చెప్పలే" అన్నాడు. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. ఎవరో నవ్వారు. జేబులోంచి టేపు తీశాడు. గేటు మనిషికి ఆ టేపును చూసే ఓపిక కూడా లేదు. వరుస పెరిగిపోతోంది.

"సరే సార్, కొలువుండ్రి. మీ టేపుల ఎంతొస్తే గంతే. మీరు చెప్పిందే ఫైనల్" అన్నాడు.

రాఘవేందర్ కూతురి పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు, దుకాణంలో అంచులు చూసేటప్పుడు కూర్చున్నట్టే. టేపు కొసను నేలకు అదిమి, ఇంకో చేత్తో పైకి లాగుతూ లేచి, నడినెత్తి దగ్గర ఆపాడు. అక్కడ ఆగిపోయాడు.

నేను పక్కనే ఉన్నాను. నాకు అంకె కనబడింది. యాభై అయిదుంబావు.

ఆరు వారాల్లో అరంగుళం పెరిగింది పిల్ల. సెలవుల్లోనే పెరుగుతారని ఊళ్ళోని తల్లులందరికీ చెప్పినవాడు, అందరి పిల్లలకూ రెండంగుళాలు వదిలినవాడు, సొంత కూతురికి పావు అంగుళం నమ్ముకుని టికెట్ కొన్నాడు. ఆ సంగతి అతనికి తట్టలేదు. అతని పక్కన కూర్చుని కాజాలు కుట్టే నాకూ తట్టలేదు.

ఇప్పుడు చెప్పండి. బొటనవేలి కింద పావు అంగుళం దాచడం టైలరుకు ఎంత పని? గేటు మనిషి అటు తిరిగి ఎవరి సంచో వెతుకుతున్నాడు. మాట చాలు అన్నాడు కూడా. అనుపమ కళ్ళతోనే బతిమాలింది. నేనైతే పైకే అన్నాను, "యాభై అయిదే కదా, చెప్పవయ్యా" అని.

"యాభై అయిదుంబావు" అన్నాడు రాఘవేందర్, అందరికీ వినబడేటట్టు.

నాకు అతని మీద కూడా కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. పిల్లల ఒంటికి అరంగుళం గుడ్డ మిగల్చని కంపెనీ నిక్షేపంగా ఉంది. ఇరవై ఏళ్ళ పనిని ఒక్క కాగితంతో తీసేసిన బడి నిక్షేపంగా ఉంది. పావు అంగుళం దగ్గర నిజం చెప్పాల్సిన పూచీ మా రాఘవేందర్ ఒక్కడి నెత్తి మీదే పడిందా?

పిల్లల టికెట్ వెనక్కు తీసుకోరట, మార్చరట. గేటు దగ్గర కొత్తది కొంటే తగ్గింపు కూడా లేదు. అంత డబ్బు మా నలుగురి దగ్గరా కలిపినా లేదు. నా టికెట్ ఇద్దామంటే అది ముసలివాళ్ళది. అనుపమ తనది ఇస్తానంది. ఆడపిల్ల నీళ్ళలో దిగితే తల్లి పక్కన ఉండాలన్నాడు రాఘవేందర్. చివరికి తన టికెట్టే తీసి యోగిత చేతిలో పెట్టాడు.

"మీరు పోండ్రి. క్యారియర్ దగ్గర ఒకరు ఉండాలె గద" అన్నాడు, ఏదో పెద్ద ఉపాయం దొరికినట్టు.

"నాన్నా, నువ్వు?" అంది యోగిత.

"నేను ఈడనే ఉంట. నువ్వు తలకిందుల రైలు ఎక్కి వచ్చి చెప్పు."

లోపల ఏం చూశానో నాకు గుర్తులేదు. మోకాళ్ళ నొప్పి, పాటల హోరు, ఎండ. యోగిత నీళ్ళ దిక్కు కూడా చూడకుండా తిన్నగా ఆ రైలు దగ్గరికే తీసుకుపోయింది. అక్కడా ఒక ఎత్తు బోర్డు. చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నూట నలభై సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉన్నవాళ్ళను ఎక్కనివ్వరట. అంటే పిల్లల టికెట్ మీద వచ్చిన పిల్ల దీన్ని ఎక్కడానికే లేదు. పొట్టిగా ఉంటే ఎక్కనివ్వరు, పొడుగైతే ఎక్కువ గుంజుతారు. ఈ ముక్క ఫోన్‌లో టికెట్ అమ్మేటప్పుడు ఎక్కడ దాచారో వాళ్ళకే తెలియాలి.

గంటకు పైగా వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. "ఇద్దరిద్దరు కూర్చోండి. నీ పక్కన ఎవరమ్మా?" అని అడిగాడు బండి దగ్గర మనిషి. అనుపమకు ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి, అయినా ముందుకు అడుగు వేసింది. యోగిత ఖాళీ పెట్టెను ఒకసారి చూసి, వరుసలోంచి పక్కకు వచ్చేసింది.

"ఆకలైతుంది. పోదాం" అంది.

ఒకసారి బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరని నేను చెప్పాను. ఎరుకనే పెద్దమ్మా అంది. అనుపమ చెప్పి చూసింది, కసిరి చూసింది. ఆ పిల్ల అప్పటికే గేటు వైపు నడుస్తోంది. కొత్తగా పెరిగిన కాళ్ళు, మా ఇద్దరికీ అందలేదు.

రాఘవేందర్ బస్ స్టాప్ నీడలో కూర్చుని ఉన్నాడు. క్యారియర్ మూత కూడా తీయలేదు. టేపు మళ్ళీ మెడలోకి వచ్చేసింది. మమ్మల్ని చూసి గాభరాగా లేచాడు.

"ఏమైంది? అప్పుడే వచ్చిండ్రు? ఎక్కినవా?"

"ఎక్కలే. ఇద్దరం ఎక్కుదాం అన్నవ్ గద" అంది యోగిత, పక్కన కూర్చుని క్యారియర్ విప్పుతూ. రాఘవేందర్ ఆమెను తిట్టబోయి ఆగిపోయాడు. అనుపమ పులిహోర వడ్డించింది. నలుగురం తింటున్నాం. లోపలి నుంచి ఆ రైలు ఎక్కినవాళ్ళ అరుపులు ఇక్కడికీ వినబడుతున్నాయి.

సగం తిన్నాక యోగిత తలెత్తి అడిగింది. "నాన్నా, వచ్చే ఎండాకాలం సుత నీకు ఖాళీ ఉంటదా?"

అనుపమ తల వంచుకుంది. ఆ పిల్ల ఆశగా అడిగింది, ఇంకేమీ కాదు.

"ఉండొద్దు బిడ్డా" అన్నాడు రాఘవేందర్. "ఉండొద్దని దేవుడికి మొక్కు."

"అయితే మనం రాలేం గద" అంది యోగిత.

"రాలేం" అన్నాడు. తన పళ్ళెంలో మిగిలిన పులిహోర తీసి ఆమెకు పెట్టాడు.