జపాన్ కెమెరా, కారంపూడి టీవీ

నేను ఫిజిక్స్ మాస్టారిని. ఈ మాట ముందే ఎందుకంటే, మా అత్తగారి విషయంలో నేను చేసిన బుద్ధితక్కువ పనికి అదే కారణం.

ఓడలో పనిచేసే నా స్నేహితుడు జపాన్ వెళ్తున్నానంటే వీడియో కెమెరా తెమ్మన్నాను. ఛార్జరు మన కరెంటుకు ఆగుతుందా, పిన్ను మన ప్లగ్గులో దూరుతుందా, అన్నీ అడిగాను. నరసరావుపేటలో మా వీధి చివర టీవీలు బాగుచేసే భాయ్ మాత్రం, "మాస్టారూ, అక్కడి కెమెరాలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మన టీవీలు పాల్ పద్ధతి. బొమ్మొచ్చినా రంగు రాదు. పాల్‌ది దొరికితేనే తెమ్మనండి" అన్నాడు. ఎనిమిదో తరగతి దాటని మనిషి నాకు పాఠం చెప్పేదేంది అని ఒళ్లు మండింది. కరెంటు సరిపోతే చాల్లే అని వచ్చేశాను.

కెమెరా వచ్చిన నెలకే మా అమ్మాయికి ఓణీల ఫంక్షన్. మా ఇళ్లల్లో ఓణీ అమ్మమ్మ దగ్గర్నుంచే రావాలి. మా అత్తగారేమో కారంపూడిలో కాలు విరిగి, కట్టుతో మంచంలో ఉంది. అయినా బట్టలతన్ని ఇంటికే పిలిపించుకుని, మూటంతా విప్పించి, మిరపపండు రంగు ఓణీ ఏరి పంపింది. "రాలేకపోతన్నా అల్లుడుగారూ. నా ఓణీలో పిల్లని టీవీలోనన్నా చూపించండి" అని ఫోన్లో ఏడ్చింది. తప్పకుండా చూపిస్తానని మాటిచ్చాను.

ఫంక్షన్ రోజంతా ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను కెమెరాకి ఆనించి తిరిగాను. ఆ కెమెరా సందులో బొమ్మకి రంగుండదు, అందులోంచి చూస్తే లోకమంతా నలుపూ తెలుపే.

ఆదివారం అందరం కారంపూడి వెళ్లాం. టీవీకి వైర్లు తగిలించాను. బొమ్మ పైకి జారిపోయింది. వెనకాల నాబ్ తిప్పితే నిలబడింది గానీ, రంగన్నది లేదు. సిగ్గుతో చచ్చాను. అత్తగారు మాత్రం కళ్లార్పకుండా చూసి, "నా ఓణీ పిల్లకి ఎంత నప్పిందో చూడవే" అని మా ఆవిడతో చానా మురిసిపోయింది. మా ఆవిడ తలూపి వంటింట్లోకి పోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "ఇంక వదిలెయ్యండి, అమ్మ సంతోషపడింది గదా" అంది మా ఆవిడ. రంగు లేకుండా ఏం సంతోషం, మాటంటే మాటే అన్నాను. "మీకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే" అని కిటికీవైపు తిరిగింది.

తల దించుకుని భాయ్ దగ్గరికెళ్లాను. ఆయన ఒక్క ముక్కయినా దెప్పలేదు, నాకు అదింకా మంట. రెండు రకాలూ ఆడే చిన్న టీవీ కొట్లోంచి తీసిచ్చాడు. పై ఆదివారం దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. మా ఆవిడ తలనొప్పని రాలేదు.

రంగులొచ్చాయి. పందిరి, మామిడాకులు, పసుపు, అన్నీ నిగనిగలాడాయి. మధ్యలో మా అమ్మాయి, నీలం ఓణీలో.

అమ్మమ్మ పంపింది ముసలి రంగని పిల్ల ఏడిస్తే, పేటలో అప్పటికప్పుడు కొన్నారంట. ఇంటిల్లిపాదికీ తెలుసు, కన్ను మూసుకు తిరిగిన ఫిజిక్స్ మాస్టారికి తప్ప.

అత్తగారు టేపు అయిపోయిందాకా చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "అల్లుడుగారూ, ఇంకోసారి మా టీవీలోనే పెట్టండి" అంది.