కోరాపుట్‌లో ఒక ఇంటర్వ్యూ

సుమిత్ర ఫోన్ చేసి రెండు రోజులు రమ్మంటే, జనవరి చివరి శనివారం విశాఖ నుంచి బయలుదేరాను. సుమిత్ర నా దగ్గర మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన గదబ తెగ అమ్మాయి. ఒడిశాలో లమ్తపుట్ పక్క ఊరు ఆమెది. ఇప్పుడు కోరాపుట్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. అక్కడి ఆదివాసీ పిల్లలు ఐదుగురు ఈ ఏడాది మా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేశారట. “ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో ఒకసారి కూర్చుని చూపిస్తే చాలు సార్” అంది. ఇరవై ఏళ్లుగా ప్రశ్నలడిగేవాళ్ల వైపే కూర్చున్నవాణ్ణి. ఇంతకంటే తేలిక పని ఏముంటుంది అనుకున్నాను.

కిరండోల్ పాసింజర్ ఉదయం ఏడు లోపే కదిలింది. కుడివైపు కిటికీ దొరికింది. సొరంగాలు దాటి అరకు చేరేసరికి పదకొండైంది. అక్కడ వడలు, టీ. కోరాపుట్‌లో దిగేటప్పటికి రెండు దాటింది. స్వెటర్ తెచ్చుకోవడం మంచిదైంది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుని, పక్క హోటల్లో అన్నం, కూరగాయలు వేసిన దాల్మా పప్పు తిన్నాను. మూడున్నరకు సుమిత్ర స్కూటీ మీద వచ్చి కాలేజీకి తీసుకెళ్ళింది.

ఒక తరగతి గదిలో బల్ల వేసి ఉంది. ఐదుగురూ ఇస్త్రీ బట్టలతో, ఫైళ్లు పట్టుకుని గోడవారన కూర్చున్నారు. మొదట వచ్చిన అమ్మాయి మినోతి. టికిరి దగ్గర కోందు తెగవాళ్ల ఊరు ఆమెది. ఇంట్లో కుయి భాష, బడిలో ఒడియా. ఇంగ్లీషు పుస్తకాలు చదువుతుంది కానీ మాట్లాడే పని ఎప్పుడూ పడలేదట.

“సైకాలజీ ఎందుకు ఎంచుకున్నావు?” అని ఇంగ్లీషులో అడిగాను.

ఆమె నా వైపు చూసింది, బల్ల వైపు చూసింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కొంతసేపు ఆగి, ఎప్పటిలాగే దరఖాస్తు మూసి, “నెక్స్ట్” అన్నాను.

“ఇంకాస్త ఆగండి సార్” అంది సుమిత్ర.

“అసలు ఇంటర్వ్యూలో అంతసేపు ఎవరూ ఆగరమ్మా. వాళ్లకి ఆ సంగతి తెలియాలి కదా.”

“తెలుసు సార్. నాకూ ఇలాగే నెక్స్ట్ అన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు.”

నాకు అర్థం కాలేదు. సుమిత్ర ఇంటర్వ్యూలో ఎంత చక్కగా జవాబులు చెప్పిందో ఎన్నో సభల్లో చెప్పాను. ఆమెను గుర్తించినవాణ్ణని నాకు కొంచెం గర్వం కూడా.

“మీరు సభల్లో చెప్పేది రెండోసారి సంగతి సార్. అంతకుముందు ఏడాది కూడా వచ్చాను. అవే ప్రశ్నలు, నా దగ్గర అవే జవాబులు. మధ్యలో ఏడాది ఇంగ్లీషు నేర్చుకున్నాను, అంతే.”

ఆమె గొంతులో కోపం లేదు. ఎంత వెతుక్కున్నా ఆ మొదటి ఏడాది ఆమె ముఖం నాకు గుర్తు రాలేదు.

“అప్పుడు నాతో ఇంకో అమ్మాయి వచ్చింది. పద్మ. మా ఊరే. నాకంటే బాగా చదివేది. మళ్ళీ రాలేదు. ఇప్పుడు అంగన్‌వాడీలో చేస్తోంది.”

“రేపు వెళ్ళి కలుద్దామా?”

“కలిసి ఏం చెప్తారు సార్?”

సుమిత్ర నా జవాబు కోసం ఆగలేదు. కుర్చీ మినోతి పక్కకు జరుపుకుని, నేనడిగిన ప్రశ్నే ఒడియాలో అడిగింది. ఇద్దరం కాచుకున్నాం. చాలాసేపటికి మినోతి మొదలుపెట్టింది. సుమిత్ర నాకు తెలుగులో చెబుతూ వచ్చింది.

ఆరేళ్లప్పుడు మినోతిని హాస్టల్లో వేశారు. అక్కడ అందరిదీ ఒడియా. నాలుగు నెలలు నోరు విప్పలేదు. ‘మందబుద్ధి’ అని రిజిస్టర్లో రాశారు. తర్వాత ఏడేళ్లకు ఆమె తమ్ముడి పేరు పక్కనా అదే రాశారు. వాడు బడి మానేశాడు. కొత్త భాష చుట్టుముట్టినప్పుడు పిల్లలు ఎందుకు మాట మానేస్తారో, అది మందబుద్ధి కాదని ఎలా తేల్చాలో ఆమెకు తెలుసుకోవాలని ఉంది. దానికి ఎలాంటి పరీక్ష పెట్టాలో, కుయిలో ఎవరు అడగాలో కూడా ఆలోచించి పెట్టుకుంది.

నేను దరఖాస్తు మళ్ళీ తెరిచి రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రం మిగతా నలుగురినీ ఒడియాలోనే అడిగించాను. ఏడింటికి ముగిసింది.

మర్నాడు మధ్యాహ్నం, రాయగడ మీదుగా విశాఖ తిరిగి వెళ్ళడానికి రైలెక్కాను. మినోతి టికిరి దాకా తోడు వచ్చింది. దారిలో నా వచ్చీరాని ఒడియాలో ఆమెను ప్రశ్నలు అడిగాను. నేను తప్పు మాట అన్నప్పుడల్లా ఆమె తల దించుకుని నవ్వింది. టికిరిలో దిగబోతూ, “మీరు కూడా ఆగి ఆగి మాట్లాడుతున్నారు సార్” అంది. “అవునమ్మా” అన్నాను.

ఆమె దిగాక మా శాఖాధిపతికి ఫోన్‌లోనే ఉత్తరం రాశాను. అభ్యర్థులను తమకొచ్చిన భాషలో జవాబు చెప్పనివ్వాలని, అనువాదానికి మనిషిని పెట్టాలని, ప్రశ్నలు అరగంట ముందే కాగితం మీద ఇవ్వాలని. రాయగడలో సిగ్నల్ దొరగ్గానే పంపాను.

సాయంత్రం విశాఖ రైల్లో ఎదుటి సీట్లో రాయగడ జిల్లా రామనగుడ రైతు ఒకాయన కూర్చున్నాడు. ముందుతరంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లట. “ఏటి బాబూ, ఏ పని మీద వచ్చేరు?” అని అడిగాడు. చెప్పాను. సుమిత్ర గురించీ చెప్పాను. సభల్లో చెప్పినట్టు కాదు, జరిగింది జరిగినట్టు.

“అయితే ఆయమ్మిని మొదట కాదన్నది మీరేనా?”

“నేనే.”

“ఆ మాట ఆయమ్మికి సెప్పేరా?”

“ఆమే నాకు చెప్పింది.”

ఆయన సంచిలోంచి వేరుశనక్కాయల పొట్లం తీసి మా ఇద్దరి మధ్యా పెట్టాడు. పార్వతీపురం దాటుతుండగా శాఖాధిపతి జవాబు వచ్చింది. భాషకు, అనువాదానికి ఒప్పుకున్నారు. ప్రశ్నలు ముందే ఇవ్వడం గురించి సమావేశంలో మాట్లాడదామన్నారు. అది సుమిత్రకు పంపాను. కాసేపటికి ఆమె నుంచి ఒక ఫోన్ నంబరు వచ్చింది, కింద ఒక్క వాక్యం: “పద్మది సార్. దరఖాస్తుకి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది.”

ఏం చెప్పాలో అప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. విజయనగరం వచ్చేలోపే నంబరు నొక్కాను.