పచ్చ సిరా సంతకం

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో నేను రేపల్లెలో పశువైద్యుణ్ణి. గెజిటెడ్ అధికారిని కనుక జిరాక్సు కాగితాలపై సంతకాల కోసం జనం వచ్చేవారు. గేదెను పరీక్షిస్తూనే, ఒరిజినల్ అడక్కుండా, పచ్చ సిరాతో ‘ట్రూ కాపీ’ అని రాసి సంతకం పెట్టేసేవాణ్ణి.

ఒకరోజు తెనాలిలో ఒక బ్యాంకు మేనేజరు అనుమానంతో నన్ను పిలిపించారు. నా పేరుతో ఎవరో అప్పుకు దరఖాస్తు పెట్టారట. ఓటరు కార్డు జిరాక్సులో పేరు, ఇంటి నంబరు నావే. ఫొటో మాత్రం వేరొకరిది.

“దీనికి సంతకం పెట్టిన ఆఫీసరెవడండీ? ముందు వాణ్ణి లోపలేయించాలి!” అని మండిపడ్డాను.

మేనేజరు కాగితం అడుగున వేలు పెట్టి, “మీరేనండి, డాక్టరుగారూ” అన్నారు.

అప్పు ఆగింది కానీ దొంగ దొరకలేదు. నేను సంతకం పెడుతున్నప్పుడు అతను నా ఎదుటే నిలబడి ఉన్నాడు. నా పేరు నేను చదువుకుని ఉంటే సరిపోయేది.