రాతి హంసల సోమమ్మ

మర్రిగూడ దిక్కున ఒక దొరకు చెరువు ఒడ్డునే తోట ఉండేది. చెరువులోకి దిగే మెట్లకు అటూ ఇటూ తొండమెత్తిన రాతి ఏనుగులు, దారి వెంట పూలతీగలు చెక్కిన పిట్టగోడ, నడిమధ్యన ఒక రాతి తామర, దాని చుట్టూ నాలుగు హంసలు. పట్నం నుంచి దొర చుట్టాలు వచ్చిన రోజున ఆ హంసల నోళ్లలోంచి నీళ్లు ఎగజిమ్మేవి. యంత్రమేదీ లేదు. తోట వెనక గుట్ట మీద రాతి తొట్టి ఉండేది. అందులోని నీళ్లు నేల కింది మట్టిగొట్టాల గుండా హంసల దాకా వచ్చేవి. ఆ తొట్టి నింపేది సోమమ్మ, నర్సింగమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు. చెరువులో కడవ ముంచాలి, గుట్టెక్కాలి, పోసి మళ్లీ దిగాలి. వెట్టిపని.

చుట్టాలున్నంత సేపు వాళ్లెవరూ గుట్ట దిగి తోటలోకి రాకూడదు. చుట్టాలు లేని రోజుల్లో తొట్టి ఖాళీ. అందుకని కాపురానికి వచ్చిన నాటి నుంచి మోస్తున్నా, ఆ నీళ్లు హంసల నోట ఎలా వస్తాయో సోమమ్మ చూడనే లేదు. ఎండిన హంసలతోనే ఆమెకు స్నేహం. తోట ఊడ్చే పనీ ఆమెదే. వాటి మెడల మీది పాకుడు రుద్దుతూ, "జర ఆగు తల్లీ, అయిపోతాంది" అని పిల్లలకు తలంటినట్టే మాట్లాడేది.

ఆమె మగడు బీరప్ప గొర్రెలు కాసేవాడు. ఒకసారి కట్ట మీదుగా మంద తోలుకొస్తూ దూరం నుంచి ఆ నీళ్లు చూశాడు. ఇంటికి రాగానే సోమమ్మ పట్టుకుంది.

"ఎట్లుంటదయ్యా?"

"ఏముంటది? పైకి లేస్తయి, కింద పడ్తయి."

"గంతేనా?"

చిన్నబోయిన ఆమె ముఖం చూసి బీరప్ప దొడ్డి వైపు తిరిగాడు. "పొద్దుగాల దొడ్డి తీస్తే మన గొర్రెపిల్లలు దుంకుతయి సూడు, గట్ల."

ఆ మాట తలచుకుని సోమమ్మ చాలా రోజులు నవ్వుకుంది.

తర్వాత ఊళ్లోకి దొరలను ఎదిరించే సంఘం వచ్చింది. వెట్టి బంద్ అన్నారు. దొర పట్నం పోయాడు. తోటలో జనం జామకాయలు తెంపుకున్నారు, గడ్డి కోసుకున్నారు. సోమమ్మ మాత్రం చీపురు పట్టుకుని పోయేది.

"వెట్టి పాయె గదనే, ఇంకెవలికి ఊడుస్తున్నవ్?" అని నర్సింగమ్మ అడిగింది.

"దొరకు గాదు. హంసలు మట్టి కొట్టుకపోతున్నయి."

"గవ్విటి నోట్లకెల్లి నీళ్లొస్తుంటె ఎన్నడన్న సూసినవా?"

"నువ్వు సూసినవా?"

తొట్టి నింపిన ఆడవాళ్లలో ఒక్కరూ చూడలేదు. అది తలకెక్కాక నర్సింగమ్మ ఊరుకోలేదు. వాడంతా తిరిగి మగవాళ్లను లేవదీసింది.

మర్నాడు బీరప్ప, తోటి కాపర్లు భుజాన కడవలెత్తారు. ఆడవాళ్లు హంసల ముందు దొరసానుల్లా బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. గుట్ట సగం ఎక్కేసరికి బీరప్పకు ఆయాసం వచ్చింది.

"గిన్నేండ్లు ఎట్ల మోసినవే!" అని పై నుంచి కేకేశాడు.

"ముచ్చట్లు బంద్ జేసి నీళ్లు మొయ్యి!" అంది సోమమ్మ కింద నుంచి.

తొట్టి నిండాక అడుగున ఉన్న బిరడా తీశారు. ముందు గుడగుడ శబ్దం, తర్వాత బురద, ఆ వెనక తేటనీళ్లు. మూడు హంసలు ఒక్కసారే ఎగజిమ్మాయి. నాలుగోది చొంగ కార్చినట్టు కార్చింది. సోమమ్మ కొంగు నడుముకు చుట్టి, తామర చుట్టూ నిలిచిన నీళ్లలో దిగి వేపపుల్లతో దాని నోట్లో పొడిచింది. లోపల ఇరుక్కున్న ఆకుల ముద్ద, దాని వెనకే నీళ్లు, ఆమె ముఖాన కొట్టాయి. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె నీళ్లు తుడుచుకోలేదు. తడి కళ్లతో అలాగే నిలబడి చూసింది.

బీరప్ప పరుగున గుట్ట దిగి వచ్చేసరికి తొట్టి అడుగంటింది. హంసల నోళ్ల నుంచి చుక్కలు రాలుతున్నాయి.

"అయిపాయెనా?" అన్నాడు దిగాలుగా.

సోమమ్మ అతని భుజం మీది కడవ అందుకుంది. "నువ్వు గీడ కూసో. ఈసారి మేం పోస్తం."

నర్సింగమ్మ గొణుక్కుంటూనే లేచింది. ఆడవాళ్లంతా చెరువులోకి దిగారు. పొద్దు గూకేదాకా ఆ ఊరి వాళ్లు వంతులు మార్చుకుంటూ నీళ్లు మోశారు, కూర్చుని చూశారు.