ఆట అనుకున్న నొప్పి

ఆవిడ పేరు నేను అడగనే లేదు. గ్రేటర్ నోయిడాలో నేనూ, మినీ అనే మా కుక్కా ఆటో కోసం నిలబడ్డాం. అది ముందుకాళ్లు నేలకు ఆనించి, నడుము పైకెత్తి వంగింది. ఆటకు పిలుస్తోందనుకుని నవ్వుతూ వీడియో తీస్తున్నాను.

"ఆట కాదమ్మా అది, కడుపునొప్పి," అన్నారు పక్కనున్న పెద్దావిడ, తెలుగులోనే. "పొద్దున్నుంచి ఏమైనా తిందా?"

తినలేదు. రెండుసార్లు కక్కింది. ముందురోజు మటన్ కొవ్వు పెట్టింది నేనే.

"మా ఇంట్లోనూ కుక్క ఉండేది. వాడూ ఇలాగే వంగాడు. మేమూ వీడియో తీశాం."

"తర్వాత ఏమైంది ఆంటీ?"

ఆవిడ చెయ్యెత్తి ఆటో ఆపి, "భయ్యా, కుక్కల ఆస్పత్రి, జల్దీ చలో" అని తొందరపెట్టి తనూ ఎక్కారు. దారంతా మినీ నా ఒళ్లో వణుకుతూనే ఉంది. ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆవిడ ఆగిపోయారు.

"నేను లోపలికి రాలేనమ్మా, మా వాడు ఇక్కడే పోయాడు. నువ్వెళ్లు."

కొవ్వు తిని పాంక్రియాస్ గ్రంథి బాగా వాచిందని చెప్పి డాక్టర్ సెలైన్ పెట్టారు. వేళకు తెచ్చారు కాబట్టి బతుకుతుందన్నారు. గంట తర్వాత బయటికొస్తే ఆవిడ ఇంకా ఎండలోనే ఉన్నారు, నా ముఖం చూసే ధైర్యం లేక రోడ్డు వైపు తిరిగి.

"బతుకుతుందట ఆంటీ," అని వెనకనుంచే చెప్పాను.

ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడి, కొంగుతో ముఖం కప్పుకున్నారు.